పరీక్ష వారిది, చేతిరాత నాది: స్క్రైబ్‌గా నా అనుభవం

మా నాన్నగారి తద్దినం నాడు హైదరాబాదులోని ఒక అంధ విద్యార్థుల హాస్టల్లో మధ్యాహ్న భోజనాలు పెట్టించడం మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఒక సంవత్సరం ఫోన్ చేస్తే ఆ రోజు ఇప్పటికే వేరొకరు రాయించుకున్నారని వార్డెన్ గారు చెప్పారు. పుట్టినరోజులకు, తద్దినాలకు, పంద్రాగస్టుకు అన్నం పెట్టేవారికి కొదవ లేదని, పిల్లలకు ఒకే రోజు రెండు చోట్ల నుంచి లడ్డూలు వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయని ఆయన నవ్వుతూ అన్నారు. ఆ తర్వాత కాస్త ఆగి, "అమ్మా, మీరు ఏం చదువుకున్నారో చెబుతారా?" అని అడిగారు. బి.ఏ. దగ్గరే ఆగిపోయానని చెప్పడానికి నాకు ఎప్పుడూ కొంచెం మొహమాటమే. ఆయన మాత్రం ఆ మాట వినగానే ఎంతో సంతోషించి, తమ పూర్వ విద్యార్థి ఒకరు ఎం.ఏ. తెలుగు చివరి సెమిస్టర్ పరీక్షలు రాయవలసి ఉందని, పది రోజులుగా స్క్రైబ్ కోసం, అంటే అభ్యర్థి చెప్పే జవాబులను పరీక్షలో రాసిపెట్టే మనిషి కోసం, వెతుకుతున్నారని చెప్పారు.

బి.ఏ. వరకే చదివి ఉండడం ఎందుకు అంత పనికొచ్చిందో అప్పటికి నాకు అర్థం కాలేదు. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకునే పక్షంలో, ఆ వ్యక్తి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు కింద ఉండాలన్నది 2025లో కొత్తవి వచ్చేదాకా ఉన్న నియమం. పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతి పిల్లలు, డిగ్రీ పరీక్షకు ఇంటర్ చదివినవారు, పీజీ పరీక్షకు డిగ్రీతో ఆగినవారు కావలసి వచ్చేదన్నమాట. మా అపార్ట్‌మెంట్లో రాయడానికి సిద్ధపడిన రిటైర్డ్ లెక్చరర్లు, ఎం.టెక్. చదివిన కుర్రవాళ్లు ఆ ఒక్క నిబంధన దగ్గరే ఆగిపోయారు. స్క్రైబ్ తన తెలివితో జవాబు రాసిపెడతాడన్న అనుమానమే దీనికి మూలం. అంతకు ముందు, 2013 నాటి మార్గదర్శకాలు ఇందుకు సరిగ్గా విరుద్ధంగా ఉండేవి. స్క్రైబ్‌కు చదువు, మార్కులు, వయసు వంటి షరతులు పెట్టవద్దని, దానికి బదులు పరీక్ష గదిలో పర్యవేక్షణను గట్టిపరచాలని అవి చెప్పాయి. రెండింటినీ చదివిన తర్వాత, ఆ గదుల్లో కొన్నేళ్లు కూర్చున్న తర్వాత, నాకు 2013 నాటి మాటే న్యాయంగా కనిపిస్తోంది. అనుమానం తీర్చవలసిన బాధ్యత ఇన్విజిలేటర్‌ది కావలసింది పోయి, స్క్రైబ్‌ను వెతుక్కునే బాధ్యతగా మారి అభ్యర్థి మీద పడింది.

కాగితాల పని పెద్ద కష్టం కాదు కానీ, ముందుగా మొదలుపెట్టకపోతే చివర్లో చేతులు కట్టేస్తుంది. నా ఆధార్ నకలు, డిగ్రీ మెమో నకలు, ఫొటోలు, అభ్యర్థి యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఫలానా వ్యక్తిని స్క్రైబ్‌గా తెచ్చుకుంటున్నానని అభ్యర్థి ఇచ్చే హామీ పత్రం, వీటన్నిటినీ జతచేసి పరీక్షల విభాగంలో అనుమతి తీసుకోవాలి. చాలామంది దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఇంకా ఉంటుంది. కొన్నిచోట్ల దాన్ని చూస్తారు, కొన్నిచోట్ల కొత్త కార్డే అడుగుతారు కాబట్టి రెండూ దగ్గర పెట్టుకోవడం మంచిది. హామీ పత్రంలో స్క్రైబ్ చదువు గురించి రాసింది తప్పని తరువాత తేలితే నష్టపోయేది అభ్యర్థే. అందువల్ల స్వచ్ఛందంగా వచ్చేవారు తమ చదువును తగ్గించి చెప్పడం సేవ కాదు, ఎదుటివారి భవిష్యత్తుతో ఆడుకోవడం.

పరీక్షకు ముందు వారంలో ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. నాగర్‌కర్నూల్ వైపు పల్లె. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి దాకా బ్రెయిలీలో చదువుకున్నాడు. అతను మొదట చేసిన పని నాకు పరీక్ష పెట్టడం. పాత ప్రశ్నపత్రం ఒకటి నా చేతికిచ్చి మొత్తం చదవమన్నాడు. నేను వార్తలు చదివినట్టు గబగబా చదివాను. "మేడం, ప్రశ్న కన్నా ముందు సెక్షన్ ఏంది, ఎన్ని రాయాలె, ఒక్కోదానికి ఎన్ని మార్కులు, అది చెప్పుండ్రి. తర్వాత ప్రశ్నలు మెల్లగ ఒక్కసారి, మళ్ల ఒక్కసారి" అన్నాడు. చూపు ఉన్నవారు ప్రశ్నపత్రాన్ని ఒక్క చూపులో పైనుంచి కిందికి తిరగేసి, తెలిసిన ప్రశ్నల మీద మనసులో గుర్తు పెట్టుకుంటారు. అతను ఆ పనినంతా వినికిడితోనే చేయాలి. రెండోసారి చదవడం పూర్తయ్యేసరికి అతని మనసులో ఏ ప్రశ్న ముందు, ఏది చివర అన్న వరుస తయారైపోయింది. నేను మాత్రం కాగితం చూస్తూ కూడా మూడో ప్రశ్న ఏమిటో మళ్లీ వెతుక్కున్నాను.

ఆ రోజే మా మధ్య కొన్ని ఒప్పందాలు కుదిరాయి. అతను "పేరా" అంటే కొత్త పేరా, "గీత" అంటే అంతకుముందు చెప్పిన మాట కింద గీత. నేను వెనకబడితే "ఆగు" అనకుండా బల్ల మీద పెన్నుతో ఒకసారి తట్టాలి, ఎందుకంటే మాట అడ్డం వస్తే అతని ఆలోచన తెగిపోతుంది. ప్రతి అరగంటకు టైమ్ చెప్పాలి. పేజీ నిండగానే "పేజీ" అనాలి, దాన్ని బట్టి జవాబు ఎంత పొడవు వచ్చిందో అతను లెక్క కట్టుకుంటాడు. రాసే విషయంలో నా తంటా వేరు. ఉద్యోగంలో ఉన్నంత కాలం సంతకాలు తప్ప చేత్తో పెద్దగా రాసింది లేదు. నాలుగు గంటలు ఏకధాటిగా రాయాలంటే వేళ్లు మొద్దుబారతాయి. అందుకే రోజూ పొద్దున దినపత్రిక సంపాదకీయాన్ని మా వారు చదువుతుంటే నేను కాగితం మీద ఎత్తిరాసేదాన్ని. ఆయనకు గొంతు సవరించుకునే అవకాశం, నాకు చెయ్యి సవరించుకునే అవకాశం.

మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి కాబట్టి మూడు గంటల పరీక్ష మాకు నాలుగు గంటలు. వేరే గది, కింది అంతస్తులో. అదే గదిలో ఇంకో ఇద్దరు అభ్యర్థులు, వారి స్క్రైబ్‌లు కూడా ఉండడంతో మూడు గొంతులు ఒకేసారి వినిపిస్తుంటాయి. పక్కవాళ్ల జవాబు చెవిన పడకుండా ఆ అబ్బాయి గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పేవాడు.

ఛందస్సు పేపరు రోజు జరిగింది ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక చంపకమాల పాదానికి గణవిభజన చేయమన్నారు. అతను పద్యపాదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ "లలల, లగుల, గులల, లగుల, లగుల, లగుల, గులగు" అని చెబుతున్నాడు. నేను అక్షరాల మీద లఘువుకు నిలువుగీత, గురువుకు యు ఆకారం వేసుకుంటూ పోతున్నాను. ఇన్విజిలేటర్ గారు బహుశా సైన్సు మనిషి అయి ఉంటారు, మేమేదో రహస్య భాషలో మాట్లాడుకుంటున్నామని వచ్చి తలమీద నిలబడ్డారు. న, జ, భ, జ, జ, జ, ర గణాలని, పదకొండో అక్షరం యతిస్థానమని ఆ అబ్బాయి ఆయనకే పాఠం చెప్పినట్టు వివరించాక వెళ్లి కూర్చున్నారు. ఒక్క అక్షరం మీద గుర్తు తప్పినా గణం మారిపోతుంది కనుక, పాదం పూర్తయ్యాక నేను గుర్తులన్నీ తిరిగి చదివి వినిపించాను. అతను తలూపాడు. రాసింది చదివి వినిపించడం స్క్రైబ్ పనే. అందులో తప్పుంటే ముఖం చిట్లించడం మాత్రం స్క్రైబ్ పని కాదు.

ఈ సేవలో అన్నిటికన్నా కష్టమైనది అదే. మరుసటి సంవత్సరం ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదివే ఒక అమ్మాయికి రాశాను. నేను బి.ఏ.లో చదివిన సబ్జెక్టే అది. ఆమె ఒక జవాబులో రాజ్యాంగ అధికరణం సంఖ్యను ఒకటి బదులు మరొకటి చెప్పింది. నాకు సరైన సంఖ్య తెలుసు. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఆ ఆగడం కూడా ఒక సూచనే అవుతుందని గుర్తొచ్చి వెంటనే ఆమె చెప్పిందే రాశాను. బయటకు వచ్చాక కూడా చెప్పలేదు, ఇంకా రెండు పేపర్లు మిగిలి ఉండగా ఆ అమ్మాయి మనసు పాడుచేయడం ఎందుకు? సాయం చేయాలన్న కోరికతోనే వచ్చినవాళ్లం కనుక చేతిని ఆపుకోవడం మనకు సహజంగా రాదు. కానీ మనం ఒక్క మాట సరిదిద్దితే ఆ పేపరులో ఆమె తెచ్చుకున్న మార్కుల మీద ఎవరైనా వేలెత్తి చూపవచ్చు. చూపు లేనివాళ్ల డిగ్రీలు స్క్రైబ్‌ల పుణ్యమేనన్న మాట ఆఫీసుల్లో వినిపిస్తూనే ఉంటుంది. దానికి మనం ఆధారం సమకూర్చకూడదు.

వర్ణక్రమం మాత్రం వేరే చిక్కు. తొలి అబ్బాయి బ్రెయిలీలో చదివినవాడు కనుక ప్రతి అక్షరమూ అతని వేళ్లకు తెలుసు. 'ఋ' ఎక్కడ, 'రు' ఎక్కడ, 'శ' ఎక్కడ, 'ష' ఎక్కడ అన్నది నాకన్నా కచ్చితంగా చెప్పేవాడు. ఈ అమ్మాయికి ఇంటర్‌లో ఉండగా జబ్బు చేసి చూపు పోయింది. ఆ తర్వాత చదువంతా ఫోన్ చెప్పేది విని నేర్చుకున్నదే. పరిభాషలో కొన్ని మాటలు ఎలా రాస్తారో ఆమె ఎన్నడూ చూడలేదు, తాకలేదు. విన్నది విన్నట్టు చెప్పేది. అలాంటిచోట "ఏ 'శ' రాయమంటావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పిందే రాయడం తప్ప నాకు దారి లేదు. ఫోన్లు వచ్చాక బ్రెయిలీ నేర్పడం తగ్గించిన పెద్దలు ఈ గదిలో ఒక గంట కూర్చుంటే బాగుంటుందని నాకు అనిపించింది.

ఒక పరీక్షా కేంద్రంలో అదనపు సమయం దగ్గర గొడవ వచ్చింది. మూడు గంటలు కాగానే ఆన్సర్ బుక్‌లెట్ ఇచ్చేయమన్నారు. గంట అదనంగా ఉంటుందని చెబితే, తమకు అలాంటి ఉత్తర్వు రాలేదని, అందరూ వెళ్లిపోయాక మా కోసం సిబ్బందిని ఎవరు ఉంచుతారని అడిగారు. ఆ అమ్మాయి ఇలాంటివి చాలా చూసినట్టుంది. గొంతు పెంచకుండా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పేరు చెప్పి, 2018 మార్గదర్శకాల నకలు సంచిలో ఉందని, చదువుకుని నిర్ణయం తీసుకోమని కోరింది. చీఫ్ సూపరింటెండెంట్ గారు వచ్చి, కాగితం చదివి, కూర్చోమన్నారు. ఈ తతంగంలో పోయిన పన్నెండు నిమిషాలను చివర్లో కలపమని అడిగి మరీ తీసుకున్నాను. అప్పటినుంచి ఆ నకళ్లు నా సంచిలోనూ ఉంటున్నాయి. చట్టం మాట వచ్చింది కనుక ఇంకొకటి కూడా చెప్పాలి. చేత్తో రాయలేని ఇబ్బంది ఉండి, వైకల్యం 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో అలాంటివారి కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి. కాబట్టి స్క్రైబ్ అవసరం చూపు లేనివారికే పరిమితం కాదు.

పోటీ పరీక్షలు పూర్తిగా వేరే రకం. నా చదువు ఎక్కువైపోయే చోట మా చిన్నబ్బాయి రంగంలోకి దిగాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు కాబట్టి చేతిలో ఉన్నది ఇంటర్ మెమోనే. డిగ్రీ అర్హతగా ఉన్న ఒక బ్యాంకు పరీక్షకు తయారవుతున్న అభ్యర్థితో వాడు మా హాల్లో కూర్చుని సాధన చేస్తుంటే నేను పక్కన కూర్చుని వినేదాన్ని. లెక్కలను బయటికి చదవడం ఒక విద్య. 'ఎక్స్ ప్లస్ టూ స్క్వేర్' అంటే వర్గం రెండుకా, మొత్తానికా అన్నది వినేవాడికి తెలియదు. 'బ్రాకెట్ మొదలు, ఎక్స్ ప్లస్ టూ, బ్రాకెట్ ముగింపు, హోల్ స్క్వేర్' అనాలి. అంకెల పట్టిక వస్తే ముందు నిలువు వరుసల పేర్లు, తర్వాత అడ్డు వరుసల పేర్లు, ఆపైన ఒక్కో అడ్డు వరుస. ఐదు సంవత్సరాలు, నాలుగు కంపెనీలు, ఇరవై సంఖ్యలు. ఒక్కసారి విని ఆ అభ్యర్థి వాటిని మనసులో పరచుకుని, "మూడో కంపెనీ రెండో ఏడు ఎంత? సరే, వద్దు, గుర్తుంది" అనేవాడు. మా వాడు క్యాలిక్యులేటర్ లేకుండా పద్దెనిమిది శాతం కట్టలేని మనిషి. ఆ నెల తర్వాత వాడి గణితం ఏమైనా బాగుపడిందో లేదో తెలియదు కానీ, ప్రశ్నను తొందరపడకుండా చివరిదాకా చదవడం మాత్రం అలవాటైంది.

పరీక్షలు లేని నెలల్లో చేయవలసిన పని మరొకటి ఉందని ఈ రాకపోకల్లోనే తెలిసింది. తెలుగులో పీజీ స్థాయి పుస్తకాలు, దూరవిద్య పాఠాలు చాలావరకు పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. కంటికి అందంగా తెలుగే కనిపిస్తుంది, కానీ తెర మీది అక్షరాలను చదివి వినిపించే కంప్యూటర్లోని స్క్రీన్ రీడర్‌కు అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. అందుచేత ఎవరైనా దాన్ని యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దాలి, లేదా గొంతుతో చదివి రికార్డు చేయాలి. ఇలా చేయడానికి కాపీరైటు అడ్డురాదా అని మా వారు సందేహపడ్డారు. 2012లో మన కాపీరైటు చట్టానికి చేసిన సవరణ, చదవలేని వైకల్యం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా చేసే ఇలాంటి ప్రతులకు వీలు కల్పించింది. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం కూడా మనదే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో అలాంటి ప్రతులు దొరుకుతున్నాయి. తెలుగు పీజీ పుస్తకాలు మాత్రం మాకు కావలసినన్ని దొరకలేదు. నేను రోజుకు ఒక గంట చదువుతాను. ప్రెషర్ కుక్కర్ కూతలు, కూరగాయల బండి మైకు లేని సమయం చూసుకోవడమే అందులో అసలు శ్రమ.

డబ్బు ఇవ్వడం మేము మానలేదు. ఇచ్చే దారి మాత్రం కొంత మారింది. స్క్రైబ్‌గా వచ్చే ఇంటర్ పిల్లలు నగరం ఆ చివర నుంచి ఈ చివరకు రెండు బస్సులు మారి వస్తారు. వాళ్ల ఛార్జీలకు, మధ్యాహ్నం టిఫినుకు ఎవరూ డబ్బు ఇవ్వరు, అభ్యర్థే తన స్కాలర్‌షిప్పులోంచి పెట్టుకుంటాడు. నాన్నగారి పేరున ఇచ్చే మొత్తంలో సగం ఇప్పుడు హాస్టల్ నడిపే సంస్థకు ఆ ఖర్చుల కోసమే ఇస్తున్నాము. నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకుంటాము. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదు కాబట్టి మా వారికి ఇప్పుడు దానివల్ల వచ్చే లాభమేమీ లేదు. రసీదు మాత్రం అలవాటు కొద్దీ ఫైల్లో పెట్టుకుంటారు. భోజనాలు పెట్టించేవారిని నేను తక్కువ చేయడం లేదు. అయితే వార్డెన్ గారి పుస్తకంలో తద్దినాల పేజీలు నిండుగా, మార్చి ఏప్రిల్ నెలల పరీక్షల పేజీలు ఖాళీగా ఉండడం చూసినవారికి, మనం ఇవ్వదలచుకున్నదానికీ వారికి కావలసినదానికీ ఎంత దూరముందో తెలుస్తుంది.

స్క్రైబ్‌లను వెతికే పనిలో, పదో తరగతి పరీక్షల కోసం తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకురావడమే ఎక్కువ కష్టం. పిల్లలు ఉత్సాహంగానే ఉంటారు, తల్లిదండ్రులే జంకుతారు. ఏదైనా తేడా వస్తే తమ పిల్ల మీద కేసు పెడతారేమో, తన చదువు పాడవుతుందేమో అని భయం. వారికి హామీ పత్రం చూపించి, బాధ్యత ఎంతవరకో చెప్పి, ఒకసారి అభ్యర్థి ఇంటికి తీసుకువెళ్తే చాలామంది సరేనన్నారు. ఒప్పుకుని పరీక్ష నాటి పొద్దున ఫోన్ ఎత్తనివారు కూడా ఉన్నారు. అందుకే ప్రతి అభ్యర్థికీ ఒకరిని అదనంగా సిద్ధంగా ఉంచుకుంటాము. అత్యవసరమైతే స్క్రైబ్‌ను మార్చుకునే వెసులుబాటు ఇవ్వాలని, భాషల వంటి వేర్వేరు పేపర్లకు వేర్వేరు మనుషులను తెచ్చుకోవచ్చని 2018 మార్గదర్శకాలే చెప్పాయి.

ఇప్పుడు మా కాలనీలో మేము నలుగురం కలిసి ఒక జాబితా నడుపుతున్నాము. పేరు, చదువు, రాయగలిగే భాష, ఉండే ప్రాంతం, ఖాళీగా ఉండే వారాలు, గణితం చదవగలరా లేదా అన్న వివరాలు అందులో ఉంటాయి. కబురు వస్తే ముందు చదువు మెట్టు చూస్తాము, తర్వాత దూరం చూస్తాము. తెలుగు మీడియం ఆర్ట్స్ సబ్జెక్టులకు మనుషులు బాగానే దొరుకుతున్నారు. ఉర్దూ మీడియం రాయగలిగినవారు ఇద్దరే ఉన్నారు, ఇంటర్ స్థాయిలో గణితం రాయగలిగి, వారం మధ్యలో కాలేజీ మానుకుని రాగలిగినవారి కోసం వచ్చే మార్చికి ఇప్పటినుంచే వెతుకుతున్నాము.